రోరీ ఎవరి చేతి గీత

పిల్లల కామిక్ చచ్చిపోయేటప్పుడు ఏడవదు. అట్ట మీద పళ్ళన్నీ బయటపెట్టి, "నేస్తాలూ, లోపల గొప్ప వార్త" అని అరుస్తుంది. ఆ అరుపు రాసేది నాలాంటివాడే. తన పత్రిక వచ్చే వారం నుంచి ఉండదనీ, పక్క పత్రికలో కలిసిపోతుందనీ, అదే ఆ గొప్ప వార్త అనీ కొన్న పిల్లాడికి పేజీ తిప్పేదాకా తెలియదు. మేం దాన్ని విలీనం అంటాం. అందులో లీనమయ్యేది తక్కువ, విలవిల్లాడేది ఎక్కువ.

నా పేరు మర్డో డోర్వర్డ్. డండీలో, ఎర్రరాతి భవనం మూడో అంతస్తులో, 'టిక్లర్' పత్రికకి కథలు రాసేవాణ్ణి. ఒక కథంటే ఒక పేజీ, పేజీ అంటే పన్నెండు గడులు. ఏ గడిలో ఎవడు జారిపడాలో, పడ్డాక ఏమనాలో నేను రాసిస్తే బొమ్మలవాళ్ళు ఇంటి దగ్గర గీసి పంపేవారు. గడులు నింపుతూ గడిపేశాను జీవితం. ఊళ్ళో జనపనార మిల్లులు ఒక్కొక్కటే తలుపులేస్తుంటే, నారకి గిరాకీ పోయినా నోరూరించే నవ్వుకి పోదులే అని మా గదిలో అందరం ధీమాగా టీలు తాగేవాళ్ళం. టీ చల్లారడానికి ఎంతసేపు పడుతుందో ధీమా చల్లారడానికీ అంతే పట్టింది.

సెప్టెంబరులో ఒక సోమవారం మా సంపాదకుడు ఫాల్కనర్ గారు మమ్మల్ని పిలిచి తలుపు మూశారు. ఆయన తలుపు మూస్తే ఏదో ఒకటి మూతపడుతుందని అందరికీ తెలుసు. కొత్త ఏడాది నుంచి టిక్లర్ వెళ్ళి 'బ్యాంగర్' అనే పత్రికలో కలుస్తుందన్నారు. మా ఊళ్ళో బ్యాంగర్ అంటే పెనం మీద వేగే సాసేజి కూడాను, కాబట్టి మేం వేగిపోవడం న్యాయమే అన్నాను. ఎవరూ నవ్వలేదు. టిక్లర్ బొమ్మల మనుషుల్లో ముగ్గురికే బ్యాంగర్‌లో చోటుందట. ఆ ముగ్గురూ ఎవరో పిల్లలే తేలుస్తారట, మామూలు కూపన్లతో.

ఆ కూపన్ ప్రతి సంచికలోనూ చివరి పేజీ మూల ఉండేది. ఈ వారం నీకు బాగా నచ్చిన మూడు పేజీలు ఏవి అని అడుగుతుంది. పిల్లలు కత్తిరించి పంపుతారు, మేం ఆ వారం పేరున లెక్కేస్తాం. ఆ ఓట్లకి ప్రాణాలు ముడిపడి ఉన్నాయని మాత్రం వాళ్ళకి చెప్పకూడదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పూర్వం ఒకాయన తన తోడల్లుళ్ళ పిల్లలందరిచేతా తన పేజీకే కూపన్లు వేయించాడు. తెలిసిపోయింది. ఆ పేజీని అప్పటికప్పుడే తీసిపారేశారు. అప్పట్నుంచీ ఇంటివాళ్ళ హస్తం ఉందని తేలితే ఆ పేజీకి అంతే సంగతులు.

నాకు ఆ గదిలో ఒక్కడి మొహమే గుర్తొచ్చింది, ఆ గదిలో లేనివాడి మొహం. ఇన్నెస్ గౌర్లే.

గౌర్లే గీసేది 'రచ్చ రోరీ'ని. రోరీ జుట్టు పొయ్యిలో మంటలా పైకి లేచి ఉంటుంది. మోకాళ్ళకి ఎప్పుడూ కట్లు. వాడు తలుపు తీస్తే తలుపు మిగలదు, వాడికి సాయం చేద్దామనుకున్న ముసలాయనకి టోపీ మిగలదు. వాడి అల్లరి రాసింది నేను, గీసింది గౌర్లే. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాకముందు పుట్టిన బిడ్డ వాడు. అయినా ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఎందుకంటే మా దగ్గర బొమ్మ మీద సంతకం పెట్టనివ్వరు. ఎవడైనా గడ్డిపరకల మధ్య తన పేరు దాచినా, మా గదిలో తెల్లరంగు కుంచెతో ఒకాయన కూచుని ఉంటాడు, వెతికి వెతికి చెరిపేస్తాడు. సంతకం లేకపోతే ఒక సుఖముంది పత్రికకి. మనిషి పడిపోయినా బొమ్మ పడిపోదు. ఇంకొకడు అదే గీత పట్టుకుని గీసేస్తాడు, పిల్లలకి తేడా తెలియదు.

గౌర్లే జూన్‌లో పడిపోయాడు. పక్షవాతం. పక్షవాతానికి పక్షపాతం ఎక్కువ, సరిగ్గా కుడి పక్షమే చూసి పట్టుకుంది. ఆసుపత్రి నుంచి, గుట్ట మీదున్న హిల్‌టౌన్‌లో వాళ్ళ పై అంతస్తు ఇంటికి తీసుకొచ్చాక నేను చూడ్డానికి వెళ్తే, వాడు కిటికీ దగ్గర కూచుని టే నది వైపు చూస్తున్నాడు. మాట బాగానే ఉంది, నోరు కొంచెం పక్కకి జారింది. చెయ్యి మాత్రం ఒళ్ళో ఎవరో వదిలేసి వెళ్ళిన చేతి తొడుగులా ఉంది.

వ్యాయామం చేయించడానికి ఒక నర్సు వచ్చేది. పేరు రాయమంటే రాయలేకపోయాడు. అసలే ఇన్నేళ్ళుగా సంతకం అలవాటు లేనివాడు, ఆవిడకేం తెలుసు. సున్నా చుట్టమంటే కలం కాగితం మీంచి పారిపోయింది. చెంచా పట్టుకోమంటే చెంచా పడిపోయింది. ఒకరోజు వాడి భార్య నెట్టా విసుగెత్తి, సరే నీ రోరీనే గియ్యి అంది. గీశాడు. వణికే చెయ్యి జుట్టు దగ్గరికి రాగానే మంటలా లేచింది. మోకాలి కట్టు దగ్గరికి వచ్చేసరికి చుట్టు తిరిగింది. నర్సు మళ్ళీ పేరు రాయమంది. మళ్ళీ రాలేదు. ఆ చేతికి ప్రపంచంలో మిగిలింది రోరీ ఒక్కడే. రోజూ వాణ్ణి గీస్తే చుట్టుపక్కల నరాలకి కూడా దారి తెలుస్తుందేమో, ఆపేస్తే ఇది కూడా పోతుంది, అంది ఆ నర్సు. గీయడానికి వాడికి కారణం కావాలి. కారణం అంటే మా పేజీ. ఊరికే గీయడం వాడి వల్ల కాదు, ఎవరో ఎక్కడో శుక్రవారానికి అడగాలి.

చెయ్యి కుదుటపడగానే పేజీ నీదే అని ఫాల్కనర్ గారు మాటిచ్చి ఉన్నారు. అందాకా లెస్లీ ఔల్డ్ అనే కొత్త కుర్రాడు గీస్తున్నాడు. పేరులో లెస్ ఉన్నా లెస్సగానే గీస్తున్నాడు. గౌర్లేకి మాత్రం నేను తెచ్చి చూపించిన వాడి పేజీలంటే ఒళ్ళుమంట.

"ఆ చెవులు చూశావురా మర్డో? చెవులు గీశాడా, టీ కప్పుకి పిడులు గీశాడా? పట్టుకుని తాగేయొచ్చు వాడి రోరీని."

ఆ సోమవారం సాయంత్రం ఆఫీసు కట్టుబాటు కాలికింద వేసి వాళ్ళ మెట్లెక్కాను. టిక్లర్ పోతోందని, ముగ్గురే మిగులుతారని, కూపన్లే దిక్కని చెప్పాను. గౌర్లే ఎడమచేత్తో కుడిచెయ్యిని తీసి బల్ల మీద పెట్టుకున్నాడు, దానికి కూడా వినిపించాలన్నట్టు.

నెట్టాకి పేరు ఎవరు పెట్టారో గాని తగ్గట్టే పెట్టారు, మనుషుల్ని నెట్టుకుంటూ పోయే మనిషి. మిల్లులో మగ్గాల హోరు మీదుగా మాట్లాడీ మాట్లాడీ గొంతు అలా స్థిరపడిపోయింది. ఇంటివాళ్ళ హస్తం గురించి నేను చెప్పిన కట్టుబాటు మొత్తం విని, నెత్తికి రుమాలు కట్టుకుంది.

"పిల్లల ఓట్లేగా? ఈ మెట్ల మీదే ఒక నియోజకవర్గం ఉందయ్యా. నేనెవరి పెళ్ళాన్నో సంతకం ఉంటేగా తెలిసేది."

 సంతకం చెరిపినవాళ్ళే ఆవిడకి ముసుగు కుట్టిపెట్టారు.

ఆ తర్వాత వారాలు హిల్‌టౌన్ నెట్టాది. బడి గేటు దగ్గర నిలబడేది. మాంసం కూరిన బ్రైడీలు కొనడానికి వరసలో నిలబడ్డ తల్లులతో మాట కలిపేది. వానలో తడుస్తూ, నీకెవరిష్టంరా, రోరీయే కదూ, కూపన్ పంపావా, అని ఎదురొచ్చిన ప్రతి పిల్లాణ్ణీ నిలదీసేది. తపాలా బిళ్ళలు అంటించడానికి నాలుక ఎండిపోయిందని చెప్పిన పిల్లకి నారింజ మిఠాయి ఇచ్చింది. తన కూతుళ్ళున్న ఊళ్ళల్లో వాళ్ళచేత వాళ్ళ వీధుల్ని లేపించింది. ఎందుకని ఎవరైనా అడిగితే, ఇన్నేళ్ళొచ్చినా నాకు వాడంటే ఇష్టం, అందుకని, అనేది. అబద్ధం కూడా కాదు.

మా ఆఫీసులో తపాలా సంచులు బరువెక్కాయి. నేను రోజూ కూపన్లు విప్పేవాళ్ళ బల్ల పక్కనుంచి పనున్నట్టు నడిచేవాణ్ణి. రోరీ, రోరీ, రోరీ. పెన్సిలుతో, క్రేయానుతో, జాము మరకతో. బొమ్మల కథలు రాసేవాడికి సంతోషంలో కాళ్ళు నేలకి ఆనవని రాయడం అలవాటే. నిజంగా ఆనకపోవడం అప్పుడే చూశాను. ప్రతి సాయంత్రం హిల్‌టౌన్ ఎక్కి ఆ సంగతి చెప్పడం, అది విని గౌర్లే బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకోవడం. వారం తిరిగేసరికి రోరీ పరిగెత్తడం వచ్చింది. తర్వాత జారిపడటం వచ్చింది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, గీతకి గీతకి మధ్య చెయ్యి దింపి ఊపిరి తీసుకుంటూ.

నవంబరు చివర ఫాల్కనర్ గారు నన్ను ఒక్కణ్ణే పిలిచారు. ఓట్ల కాగితాలు బల్ల మీద పరిచి ఉన్నాయి. ఆయన మొహంలో సంతోషం చూడటం అదే మొదలు కాబట్టి గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. అందరికంటే పైన రోరీ ఉన్నాడు.

"చూడు డోర్వర్డ్. వసంతంలో రోరీ అట్టడుగున ఉన్నాడు, వేసవిలో ఇంకా కిందకి జారాడు. సెప్టెంబరు చివర లెస్లీ పేజీలు అచ్చులోకి రావడం మొదలైంది. అక్కణ్ణుంచి ఎక్కడమే. పిల్లలకి మనుషుల పేర్లు తెలియకపోవచ్చు, కళ్ళున్నాయి. రోరీ బ్యాంగర్‌కి వెళ్తున్నాడు. లెస్లీతో."

నా చెవులు టీ కప్పు పిడులైపోయాయి. ఎవరో పట్టుకుని ఎత్తి కింద పెట్టినట్టు అయింది.

మా కాలెండరు ఊళ్ళోవాళ్ళ కాలెండరు కాదు. ఆగస్టు ఎండలో క్రిస్మస్ మంచు గీయిస్తాం. వేసవిలో గీసింది చలి మొదలయ్యాక గాని పిల్లాడి చేతికి రాదు. ఈ వృత్తిలో నిన్న చేరినవాడికి కూడా తెలిసిన సంగతే. అయినా నెట్టా ఓట్లు పోగేస్తుంటే ఆ ఓట్లు ఎవరి గీత కింద పడుతున్నాయో నేనూ ఆలోచించలేదు, గౌర్లే కూడా ఆలోచించలేదు. మాకు రోరీ అంటే రోరీయే. వాడు ఎవరి చేతిలో ఉన్నా మన పిల్లాడే అనుకునే తండ్రుల్లా ఆలోచించాం. బల్లకి అవతల కూచున్నవాళ్ళకి మాత్రం రోరీ అంటే వారం, సంచిక, పేజీ. నెట్టా వానలో తడిసి తెచ్చిన ప్రతి ఓటూ ఆ వారం అచ్చయిన లెస్లీ పేజీకి వెళ్ళి అతుక్కుంది. మొగుడికి పేజీ నిలబెడదామని, మొగుడి కుర్చీలో ఇంకొకణ్ణి కూచోబెట్టి మేకులు కొట్టింది.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈ ఓట్లు లెస్లీవి కావు, నెట్టా గౌర్లే బడి గేట్ల దగ్గర నిలబడి తెచ్చినవి, అని. నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే ఉండిపోయాను. ఆ మాట బయటికొస్తే ఇంటివాళ్ళ హస్తం. హస్తం తేలితే రోరీకి అంతే సంగతులు. చెప్పకపోతే రోరీ ఉంటాడు, గౌర్లే ఉండడు. చెపితే ఇద్దరూ ఉండరు. నా జీవితమంతా మనుషుల నోటి దగ్గర మాటల బుడగలు కట్టాను. ఆ రోజు నా నోటి దగ్గర ఖాళీ బుడగ ఒకటి వేలాడింది.

ఆయన అది చూసి, సంతోషమా అన్నారు. సంతోషమే అన్నాను.

ఒక్క దారి మిగిలింది. పత్రిక ఆఖరి సంచికలో ఆఖరి పేజీకి మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. టిక్లర్ జనాభా అంతా ఒకే పెద్ద బొమ్మలో కనిపించాలి. పిల్లల ఓట్లు తేలేదాకా ఆ ఒక్క పేజీని ఖాళీగా ఉంచుతారు. బొమ్మ గీసే ఒకే అట్ట ఇంటింటికీ తిరుగుతుంది, ఎవరి మనిషిని వాళ్ళు గీసి పక్కింటికి పంపుతారు. బ్యాంగర్‌కి వెళ్ళే ముగ్గురూ పెట్టెలు పట్టుకుని గుమ్మం దాటుతుంటారు, మిగతావాళ్ళు చేతులు ఊపుతుంటారు. ఆ అట్ట లెస్లీ దగ్గరికి తీసుకెళ్ళమని నాకిచ్చారు. నేను లెస్లీ ఇంటికి వెళ్ళకుండా మధ్యలో బస్సు దిగి హిల్‌టౌన్ ఎక్కాను. గౌర్లే రోరీ ఆ అట్ట మీద మిగతావాళ్ళ మధ్య తేడా తెలియకుండా నిలబడితే, అప్పుడు చెప్పొచ్చు, ఇది ఎవరి చెయ్యో చూడండి అని.

లెస్లీ సంగతి వాళ్ళిద్దరికీ చెప్పాల్సొచ్చింది. నెట్టా కుర్చీలో కూలబడింది.  గౌర్లే మాత్రం నవ్వాడు.

"అయితే ఇప్పుడు నన్ను కాపీ కొట్టేవాణ్ణి నేను కాపీ కొట్టాలా?"

"చెవులు వాడివి పెట్టు. మిగతాది నీది."

"నా బిడ్డకి పక్కింటివాడి చెవులు. నెట్టా, నాకు ఎన్నాళ్ళుగానో అనుమానమే."

ఆవిడ నవ్వబోయి, లేచి టీ పెట్టడానికి వెళ్ళింది.

పొద్దున మొదలుపెట్టాడు. ముందు పెన్సిలు. చెయ్యి మణికట్టు దగ్గర వణుకుతుంటే ఎడమచేత్తో దాన్ని అదిమిపట్టి, గీతని లాక్కొచ్చాడు. లాగుతున్నాడు అనే మాట సరిపోతుంది, నదిలోంచి పడవని లాగినట్టు. మధ్యాహ్నానికి పెన్సిలు అయింది. సిరా పెట్టేటప్పుడు మేమిద్దరం గదిలో కదల్లేదు, నేలచెక్కలు కదిలితే బల్ల కదులుతుందని. ఒకచోట సిరాచుక్క జారి గుమ్మం మీద పడింది. తెల్లరంగుతో కప్పేశాం. ఎన్నేళ్ళో వాడి పేరు కప్పిన తెల్లరంగు మొదటిసారి వాడికి పనికొచ్చింది. నది మీద వెలుతురు పోయేవేళకి రోరీ పెట్టె పట్టుకుని గుమ్మం దాటుతున్నాడు. జుట్టు మంటలా లేచి ఉంది. చెవులు లెస్లీవి.

మర్నాడు ఫాల్కనర్ గారు అట్టని గోడకి ఆనించి, వెనక్కి నడిచి, తల వంచి చూశారు. ఒక్కొక్కళ్ళనీ చూసుకుంటూ రోరీ దగ్గర ఆగారు. 

"లెస్లీ కుదురుకున్నాడు. ఈ రోరీలో బరువుంది," అన్నారు.

అది లెస్లీ కాదని చెప్పాను. ఎవరిదో చెప్పాను. మీరిచ్చిన మాట ఉంది కదా అని కూడా అన్నాను.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్టే మనిషితో వాదించొచ్చు. ఈ ఒక్క రోరీకి ఎంతసేపు పట్టిందని నెమ్మదిగా అడిగారు. పొద్దున్నుంచి వెలుతురు పోయేదాకా అన్నాను. వారంలో ఎన్ని పగళ్ళున్నాయో, పేజీలో ఎన్ని గడులున్నాయో మా ఇద్దరికీ తెలుసు. ఆయన లెక్క పైకి చెప్పలేదు, ఆ మర్యాద ఉంది ఆయనకి. బొమ్మని అలాగే అచ్చుకి పంపమన్నారు. పేజీ మాత్రం లెస్లీకే అన్నారు. రోరీ వచ్చే వారం కథ వాడికి ఇవాళే ఇచ్చేయమని గుర్తుచేశారు.

ఆ కథ సంచీలో పెట్టుకుని మళ్ళీ హిల్‌టౌన్ ఎక్కాను. మెట్లు ఎక్కుతుండగానే పైనుంచి తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది.

"కుదిరిందా?" అంది నెట్టా.

గుర్తుపట్టలేకపోయారని చెప్పాను. అంటే కుదిరినట్టే కదా అంది. అప్పుడు మిగతాది చెప్పాను. ఆవిడ నన్ను ఫాల్కనర్ గారనుకుని తిట్టింది. ఆవిడకి ఆ పూట నేనే పత్రిక, నేనే కూపను, నేనే కాలెండరు. వానలో నిలబడ్డ ప్రతి గేటు పేరూ చెప్పింది. ఆ ఓట్లన్నీ వెనక్కి తీసుకొచ్చెయ్యమంది. నేను ఒక్క చమత్కారం కూడా అనలేకపోయాను. ఆఖరికి ఆవిడ గోడకేసి తిరిగి, మొహానికి రుమాలు అడ్డంపెట్టుకుంది.

గౌర్లే మాకేసి చూడలేదు. బల్ల దగ్గర కూచుని కలం కడుగుతున్నాడు, ఎడమచేత్తో.

"వచ్చే వారం కథ ఏదిరా?" అన్నాడు.

"లెస్లీకి ఇవ్వాల్సింది. సంచీలో ఉంది."

"ఇలా తే."

ఇచ్చాను. చదివాడు. మూడో గడి పేలవంగా ఉంది, ముసలాయన టోపీ అక్కడే ఎగిరిపోతే తర్వాత ఎగరడానికి ఏం మిగిలిందన్నాడు. పెన్సిలు తీసి నా వాక్యం కొట్టేసి, ఎడమచేత్తో పక్కన ఏదో గెలికాడు. చదవడానికి రాలేదు. తర్వాత కొత్త అట్ట ముందుకి లాక్కుని గడులు కొట్టడానికి స్కేలు కోసం చెయ్యి చాచాడు. స్కేలు నేనే అందుకుని గడులు కొట్టిచ్చాను.

"ఇన్నెస్, ఇది నిన్నెవరూ అడగలేదు."

"శుక్రవారానికి ఇస్తాను."

"శుక్రవారానికి అవదు."

"తెలుసు," అన్నాడు.

కుడిచెయ్యిని తీసి అట్ట మీద పెట్టుకున్నాడు. అది కాసేపు అలాగే పడి ఉంది, తర్వాత వేళ్ళు ఒక్కొక్కటిగా కలం చుట్టూ చేరాయి. కలం దించాడు. అట్ట జారింది. మళ్ళీ దించాడు, మళ్ళీ జారింది. నెట్టా రుమాలు దించి మాకేసి చూస్తోంది. నేను కుర్చీ జరుపుకుని, అట్ట కదలకుండా రెండు చేతులతో రెండు అంచులూ నొక్కి పట్టుకున్నాను. కలం కొన నా బొటనవేలి పక్కనుంచి మొదటి గడిలోకి దిగింది.